రాక్షసుడి కోటలో రెండు కాఫీలు

"కళ్ళు మూసుకోండి రాణులారా!" అన్నాడు రాక్షసుడు.

జిగురమ్మ వెంటనే మూసుకుంది. సూదమ్మ మాత్రం, "నాలుగింటికి లాంచి ఉంది నాయనా, త్వరగా కానీ" అని చెప్పి మరీ మూసుకుంది.

రాక్షసుడంటే ఆ హోటల్లో వడ్డించే మనిషే. నెత్తిన రెండు కొమ్ములు, మూతికి అట్ట కోరలు. అది కథల హోటలు. కింద అడవి, మధ్యలో గుహ, పైన కోట. కోటగదిలో కూర్చునేవాళ్ళకి ఒక ఆట ఉంది. కాఫీలు బల్లమీద పెట్టాక, ఎర్రదారం కట్టిన చిన్న తాళంచెవిని రాక్షసుడు అరలోని కథల పుస్తకాల మధ్య ఎక్కడో దాచేస్తాడు. బయటికెళ్ళి తలుపుకి తాళం వేస్తాడు. తాళంచెవి వెతుక్కుంటేనే విడుదల, లేకపోతే గంట గడువు తీరేదాకా లోపలే. సెల్‌ఫోన్లు కింద కౌంటర్లో ఇచ్చేసి రావాలి. కథల్లో ఫోన్లుండవు కదా మరి.

తలుపు దభీమని పడింది.

"చూశావా, మనల్ని బంధించేశాడు!" జిగురమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, కిటికీ ఊచలు పట్టుకుంది. "ఇటు రావే, ఇక్కణ్ణుంచి రేవు కనిపిస్తోంది. అదిగో నీ లాంచి."

సూదమ్మ వెళ్ళలేదు. అలవాటు కొద్దీ అరలోని పుస్తకాల వెన్నులు తడిమింది. "కుట్టు చూడు, ఎంత దరిద్రంగా ఉందో" అని గొణిగింది. జారిన కొప్పు బిగించి ముడేసుకుని, వచ్చి కూర్చుంది.

ఇద్దరూ జీవితమంతా ఒకే బైండింగు షాపులో పని చేశారు. పిల్లల కథల పుస్తకాలు ఒకావిడ కుడితే, ఇంకొకావిడ అట్టలు అంటించింది. ఆ పేర్లు అక్కడ వచ్చినవే. షాపు మూతపడ్డాక ఒకే గదిలో అద్దెకుంటున్నారు.

ఇవాళ్టితో అదీ అయిపోయింది. ఏటికి అవతల ఉన్న సూదమ్మ అన్నయ్య కబురు పెట్టాడు. "వదిన పోయాక ఇంట్లో వండేవాళ్ళు లేరు. వచ్చెయ్. ఆఖరి లాంచికి రాకపోతే వేరే మనిషిని పెట్టేసుకుంటాను, ఆ తర్వాత వచ్చి లాభం లేదు." ఆ లాంచి ఇవాళ్టిదే. రేపట్నుంచి వరద రోజులు, ఏరు దాటే దారి ఉండదు. అన్నయ్య మాటకి కాదనడం సూదమ్మ పుట్టి బుద్ధెరిగి ఎరగదు. పెట్టె సర్దుకుంది.

"ఇన్ని కథలు కుట్టాం, ఒక్క కథలోనైనా కూర్చోలేదు. వెళ్ళేముందు ఒక్క గంట" అని జిగురమ్మే ఇక్కడికి లాక్కొచ్చింది.

సూదమ్మ కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. "లేవవే. తాళంచెవి వెతుకు."

"కేకు తిననీ. మళ్ళీ ఎప్పుడు తింటామో."

"నీ కేకు మండిపోనూ! లాంచి పోతుంది!"

వెతికారు. ఒక్కో పుస్తకం తీసి దులిపారు.

"ఇందులో పేజీలు తలకిందులుగా ఉన్నాయే" అంది జిగురమ్మ.

"అయితే మన షాపుదే. నేను జ్వరంతో కుట్టినప్పటిది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అర ఖాళీ అయింది. తాళంచెవి లేదు. నవ్వూ ఆగిపోయింది.

గది ఇరుకు. కప్పు చేతికందేంత ఎత్తు. కిటికీ ఊచలు అట్టవి కావు, నిజం ఇనుపవి. కింద ఎవరిదో పిల్లల పార్టీ, ఒకటే గోల. సూదమ్మకి చెమటలు పట్టాయి. రెండు చేతులా తలుపు బాదింది.

"తియ్యి నాయనా! తాళంచెవి దొరకలేదు!"

"హహహ!" బయటినుంచి రాక్షసుడి నవ్వు. "వెతుకు రాణీ, వెతుకు!"

"ఆట కాదు బాబూ, నిజంగానే లాంచి పోతుంది!" అని అరిచింది జిగురమ్మ.

"మొన్నొకావిడ విమానం పోతుందంది! హహహ!"

ఎంత బతిమాలితే అంత నవ్వాడు. వేషంలో ఉన్నంతసేపూ మనిషిలా మాట్లాడకూడదని వాళ్ళ యజమాని ఆజ్ఞ కాబోలు.

సూదమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. "నువ్వే తీశావు కదూ? నన్ను పోనివ్వకూడదని!"

జిగురమ్మ మొహం తెల్లబోయింది. సంచీ బల్లమీద బోర్లించింది. కళ్ళజోడు, మాత్రలు, జేబురుమాలు, లాంచిలో తినమని ఇద్దామనుకున్న బిస్కెట్ల పొట్లం.

"తీయాలనిపించింది" అంది తల దించుకుని. "ఒట్టు. కానీ తీయలేదే."

సూదమ్మ ఆ బిస్కెట్ల పొట్లం వైపు చూసి, మొహం పక్కకి తిప్పుకుంది.

అప్పుడే రేవులో కూత వినిపించింది. ఇద్దరూ కిటికీకి అతుక్కుపోయారు. లాంచి ఒడ్డు వదిలి మెల్లగా ఏట్లోకి తిరిగింది. సూదమ్మ ఊచలు పట్టుకుని, అది చుక్కయ్యేదాకా చూస్తూ నిలబడింది.

గడువు తీరాక రాక్షసుడు ఇంకో తాళంచెవితో తలుపు తీశాడు. నేలమీది పుస్తకాలు చూసి కొమ్ములు గోక్కున్నాడు. "పచ్చ అట్ట పుస్తకంలో పెట్టానమ్మా, నా చేత్తోనే!"

"నీ కొమ్ములు విరగ్గొడతాను" అంది జిగురమ్మ.

కౌంటర్లో సూదమ్మ ఫోను అప్పటికే మోగుతోంది. అన్నయ్య. సూదమ్మ దాన్ని జిగురమ్మ చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు. నాకు నోరు రావటం లేదు."

"తప్పంతా నాదే అన్నయ్యగారూ" అంది జిగురమ్మ. అవతలివైపు తిట్లన్నీ నిలబడి విన్నది. కళ్ళు తుడుచుకుంటూ ఫోను తిరిగిచ్చింది. "వంటకి వేరే మనిషిని పెట్టేసుకుంటారట. నీ బతుకు పాడు చేశానే."

"పోనీలే" అంది సూదమ్మ.

పెట్టె చెరో పక్కా పట్టుకుని గదికి తిరిగొచ్చారు.

జిగురమ్మ ముక్కు ఎగబీలుస్తూ స్టవ్వు దగ్గర గిన్నెలు సర్దుతుంటే, సూదమ్మ అటు తిరిగి కూర్చుని మెల్లగా కొప్పు విప్పుకుని, అందులోంచి ఎర్రదారం కట్టిన తాళంచెవిని తీసింది.