పక్కింటి గిన్నె

గిన్నె నీళ్లలో ఆకాశంలోని చుక్క కనిపించిందని బ్యోరి అందులో వేలు పెట్టింది.

"నాన్నా, కదులుతోంది!"

ఇన్‌సొక్ గబగబా వచ్చాడు. రాత్రి వాళ్లు బస చేసిన పాస్టరుగారి పెరటికి, పక్కింటి పెరటికి మధ్య మోకాలెత్తు రాతిగోడ. దానికి అవతల సోయా గింజల ముద్ద ఊరబెట్టే మట్టి జాడీలు వరసగా ఉన్నాయి. అన్నింటికన్నా పెద్ద జాడీ మూత మీద తెల్లటి పింగాణీ గిన్నె, నిండా నీళ్లు.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సముద్రం మీంచి వచ్చిన పొగమంచు దీవిని నడుం దాకా ముంచేసింది. గిన్నె ఒక్కటే గాలిలో తేలుతున్నట్టుంది.

అదేమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. వేకువనే బావిలో తొలి నీళ్లు తోడి, జాడీ మీద పెట్టి, అరచేతులు రుద్దుకుంటూ ఏ దేవుడికో మొక్కడం. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మా చేసేది. మంగోలియా మైదానాల్లో ఏళ్ల తరబడి ఇలాంటి మొక్కుబడులతోనే అతనికి పోరు.

"అలాంటివి ముట్టుకోకమ్మా" అంటూ గోడ దాటి, గిన్నె ఎత్తి, నీళ్లు క్యాబేజీ మడిలో పారబోశాడు.

సరిగ్గా అప్పుడే వంటింటి తలుపు తెరుచుకుంది. నడుం రెండుగా వంగిన ముసలావిడ బయటికొచ్చింది.

"అయ్యో అయ్యో! ఎవరయ్యా నువ్వు? పొద్దున్నే నా గిన్నె మీద పడ్డావు!"

"మిషనరీనవ్వా. మంగోలియా నుంచి సెలవు మీద వచ్చాను. ఇవాళ మీ చర్చిలో మాట్లాడాలి."

"నా చర్చి కాదులే. మా పక్కింటి చర్చి."

"అందుకే చెబుతున్నా. జీవంగల దేవుడు గోడ అవతలే ఉంటే, ఈ నీళ్లకి దండాలేమిటవ్వా? ఇవి వింటాయా, చూస్తాయా?"

అవ్వ అతని మాట వింటున్నట్టు లేదు. అతని వెనకాల ఉన్న పిల్లనే చూస్తోంది.

"ఏమే పిల్లా, నీ పేరేంటి?"

"బ్యోరి."

"ఏదీ, ఆ చివరిదాకా పరిగెత్తు చూద్దాం."

బ్యోరి పరిగెత్తింది. పొగమంచులో మాయమై, నవ్వుతూ మళ్లీ బయటపడింది.

"ఇంకోసారి."

ఇంకోసారి పరిగెత్తింది.

అవ్వ చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంది. "పారబోస్తే పారబోశావులే నాయనా. ఇక దాంతో పనేముంది?" అంటూ గిన్నె అందుకుని, జాడీ మీద బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

తన మాటలకే అవ్వ మనసు మారిందనుకున్నాడు ఇన్‌సొక్. లోలోపల పొంగిపోయాడు కూడా. మంచివాడే పాపం, కాస్త తొందర మనిషి.

ఆరాధనలో మంగోలియా మంచు గురించి, గుడారాల్లో పాటల గురించి చెప్పాడు. జనం నవ్వారు, తలలూపారు. ఆపైన అతని గొంతు మారింది.

"పోయిన చలికాలం మా బ్యోరికి జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. దారులన్నీ మంచులో పూడిపోయాయి. ఫోన్ చచ్చిపోయే ముందు, ప్రార్థన చెయ్యమని ఒక్క మెసేజే వెళ్లింది. అది మీ చర్చికే. జ్వరం దిగింది కానీ కాళ్లు చచ్చుబడ్డాయి. ఇక నడవదన్నారు. మంచు కరిగే వేళకి లేచి నిలబడింది. మా కోసం దేవుణ్ని అడిగినవాళ్లు ఈ భూమ్మీద మీరొక్కరే. మీకు దండం పెట్టుకుని గానీ వెనక్కి వెళ్లకూడదనుకున్నాను."

వంగి, నుదురు నేలకు ఆనించాడు.

ఆ దీవి జనం ఆమెన్ అంటే పైకప్పు అదురుతుంది. ఇవాళ ఒకరిద్దరు మాత్రమే, అదీ గొణిగారు. అందరూ తలలు దించుకున్నారు. ఎంత వినయం, అనుకున్నాడు ఇన్‌సొక్.

భోజనాలయ్యాక పడవరేవు దాకా పాస్టరమ్మగారు సాగనంపడానికి వచ్చింది. చేతిలో కూరల్లో వేసుకునే ఎండు సముద్రనాచు మూట.

"ఓక్‌పో అవ్వ ఇచ్చింది, పాపకి. మా పక్కింటావిడ."

"పొద్దున కలిశాను. వచ్చే వారం ఆవిణ్ని చర్చికి తీసుకురండి పాస్టరమ్మగారూ. మెత్తబడింది."

ఆమె మూట ఇవ్వలేదు. అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"మీతో ఒక మాట చెప్పాలండీ. అందరి ముందూ నోరు రాలేదు. ఆ చలికాలం అయ్యగారు పట్నంలో ఆసుపత్రి పాలయ్యారు. నేనూ ఆయన వెంటే. చర్చికి తాళం. వేకువ ప్రార్థనలు లేవు. మీ మెసేజ్ వచ్చేసరికి బట్టలు సర్దుకుంటున్నాను. పడవెక్కాక నా గొడవలో పడి మరిచిపోయాను. ఎవరికీ చెప్పనే లేదు."

"అంటే... ఎవరూ అడగలేదా?"

"ఆ రోజు సర్దడానికి అవ్వ సాయమొచ్చింది. మెసేజ్ పైకి చదివితే, పిల్ల పేరేంటని అడిగింది. తిరిగొచ్చి చూస్తే జాడీ మీద గిన్నె ఉంది. పాప నడుస్తోందటవ్వా అని చెప్పినా తియ్యలేదు. పరిగెత్తడం నా కళ్లతో చూడాలి అంది."

ఇన్‌సొక్ తన కుడిచేతిని చూసుకున్నాడు. ఆ చేత్తోనే పారబోశాడు.

"నేను వెళ్లాలి. ఒక్కసారి ఆవిణ్ని..."

"ఎక్కండి సారూ, ఎక్కండి! ఇది పోతే రేపే" అని పడవవాడు కేకేశాడు. అటు విమానం టిక్కెట్టు, ఇటు చెయ్యి పట్టుకుని లాగుతున్న బ్యోరి. పాస్టరమ్మ మూటని పాప చేతిలో పెట్టింది. ఇద్దరూ ఎక్కగానే తాడు వదిలారు. రేవు మెల్లగా వెనక్కి జరిగింది.

"ఏ దేవుడికి మొక్కిందండీ?" అని అరిచాడు ఇన్‌సొక్.

పొద్దుటి నుంచీ విడవని పొగమంచు అప్పటికే ఆమెని మింగేసింది. గొంతు మాత్రం నీళ్ల మీదుగా వచ్చింది.

"నేనూ అదే అడిగానండీ! 'పిల్ల మీ వాళ్లది కదే, మీ దేవుణ్నే అడిగాను. పక్కింటాయన దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్తాను, అందుకే కాసిని నీళ్లు పెట్టాను' అంది!"