వణుకే పని

ఏనుగులు కూడా చూసి దారి మళ్లేంత పెద్ద తేనెపట్టు ఒకటి మద్దిచెట్టుకు వేలాడేది. అబద్ధమైతే నా కళ్లు పోవాలి!

"ఈ పట్టంతా ఒకటే ఒళ్లు. మనం దాని కాళ్లూ చేతులం. పని లేనిదాన్ని ఒళ్లు ఉంచుకోదు. నువ్వేం చేస్తావే?" అని ఓ ముసలి తేనెటీగ, రెక్క విరిగిన చిన్న ఈగను నిలదీసింది.

"ఏమీ చేయలేను పెద్దమ్మా, కిందికి తోసెయ్యకు!" అంటూ అది గడగడ వణికింది.

ఆ వణుకుతో పుట్టిన వేడి తగిలి, పట్టులో చలికి ముడుచుకున్న పిల్లపురుగులు ఒక్కసారిగా కదిలాయి.

"ఇదేనే నీ పని! ఇక్కడే ఉండు," అని ముసలి ఈగ మురిసిపోయింది.

హమ్మయ్య అనుకుంది చిన్న ఈగ. వణుకు ఆగింది. పిల్లలు మళ్లీ ముడుచుకున్నాయి.

"ఆపావేమే? తోసెయ్యమంటావా?"

చిన్న ఈగ మళ్లీ వణికింది.

ఆ రోజు నుంచి, దాన్ని భయపెట్టడం ఇంకో ఈగకు పనైంది.