యాభైకి యాభై

"నలభై రెండు మందికీ యాభైకి యాభై ఎలా వస్తాయండీ?"

ప్రిన్సిపాల్ రాజకుమారి ఆన్సర్ షీట్ల కట్టని బల్ల మీద పడేసింది. ఎదురుగా నరసింగరావు నిలబడి ఉన్నాడు. విజయనగరంలోని ఆ డిగ్రీ కాలేజీలో మూడేళ్లుగా ఆయన ఆప్టిట్యూడ్ చెబుతున్నాడు. శాతాలు, నిష్పత్తులు, రైళ్లు, వంతెనలు. ప్రతి శనివారం మాక్ టెస్టు. సోమవారం ఒక కంపెనీ వచ్చి ఉద్యోగాలకు పరీక్ష పెడుతోంది. మాక్ టెస్టులో మొదటి పదిమందినే కూర్చోబెడతామంది.

"పేపరు లీకయింది మేడమ్."

"అది నాకూ తెలుసు. చేసిందెవరు? ఐదింటికి కంపెనీకి లిస్టు పంపాలి. ఈలోగా దొంగ పేరు ఈ కాగితం మీద రాస్తాను. ఆ మనిషి సోమవారం నుంచి కాలేజీ గేటు దాటి లోపలికి రావడానికి వీల్లేదు."

ముందుగా త్రినాథ్‌ని పిలిచారు. లెక్కల్లో వాడి సంగతి కాలేజీ అంతటికీ తెలుసు.

"ఒరే, ఒక కుళాయి తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది. ఇంకోటి మూడు గంటల్లో నింపుతుంది. రెండూ విప్పితే ఎన్ని గంటలు?" అడిగాడు నరసింగరావు.

"తొమ్మిదండి."

"రెండూ విప్పితే ఇంకా ఆలస్యమవుతాదేట్రా?"

"మా ఈధిలో అంతేనండి. రెండోది ఇప్పితే మొదటిదాన్లో నీల్లు రావు."

రాజకుమారి నవ్వాపుకుని వాణ్ణి బయటికి పొమ్మంది. "వీడికి యాభై! సరే, పేపర్లు జిరాక్స్ తీసేదెక్కడ?"

"గేటు ఎదురుగా ఉన్న షాపులో."

"అక్కడ మధ్యాహ్నాలు పనిచేసేదెవరు?"

నరసింగరావు తల దించుకున్నాడు. యమున. గజపతినగరం నుంచి రోజూ బస్సులో వస్తుంది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం షాపు. ఈ ఉద్యోగం వస్తే ఆ మెషిను వేడికి ఒక దణ్ణం పెట్టేస్తానని క్లాసులో అందరికీ చెప్పుకుంది.

యమున వచ్చి విషయం విని మండిపడింది.

"నాను తియ్యలేదండి. మెషిను కాడ సారే నిలబడతారు. ఒక్క కాయితం పక్కకి పోనివ్వరు. సెప్పండి సార్, అవునా కాదా?"

"అవుననుకో..."

"అనుకోడవేటండి?"

"మరి అందరికీ యాభై ఎలా వచ్చాయే?" రాజకుమారి గద్దించింది.

"సెలక్షన్ కదండీ మేడమ్. మిగతా వారాల్లా ఈ వారం ఎవలూ మార్కులు తగ్గించుకోలేదు."

"నాకు కథలొద్దు. నీ పేరు లిస్టులోంచి కొట్టేస్తున్నాను."

యమున ముఖం వాడిపోయింది. నరసింగరావు మనసు ఒప్పుకోలేదు.

"ఒక్క అవకాశం ఇవ్వండి మేడమ్. మూడింటికి మళ్లీ టెస్టు పెడతాను. పేపరు ఇప్పుడే కొత్తగా తయారుచేస్తాను. ప్రింటు కూడా నేనే తీస్తాను. పాతది చూసి రాసిన వాళ్లంతా బయటపడిపోతారు."

స్టాఫ్ రూములో తలుపేసుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ల అలవాటు. లెక్క రాయడం ఒక నిమిషం, నాలుగు ఆప్షన్లు సర్దడం అరనిమిషం. రెండున్నరకల్లా యాభై ప్రశ్నలూ ప్రింటయిపోయాయి. కవరు అతికించి, సీలు వేసి రాజకుమారి చేతికిచ్చాడు.

మూడింటికి హాల్లో నలభై రెండు మందీ దూరం దూరంగా కూర్చున్నారు. ఫోన్లన్నీ బకెట్లో పడ్డాయి. కంపెనీ పద్ధతిలోనే ముందు ఆన్సర్ షీట్లు పంచారు. పేరు, నంబరు రాసుకోవడానికి పది నిమిషాలు. ఆ తర్వాతే ప్రశ్నపత్రం.

రాజకుమారి సీలు మీద చెయ్యి వేసిందో లేదో, యమున లేచి నిలబడింది.

"నాది అయిపోయిందండి."

"ఏదయింది? పేరు రాయడమా?"

"యాభయ్యీ అయిపోయాయండి."

హాలు గొల్లుమంది. రాజకుమారి షీటు లాక్కుని చూసింది. యాభై ప్రశ్నలకీ గళ్లు నల్లగా దిద్ది ఉన్నాయి.

"దిద్దండి సార్. దీని పొగరేంటో చూద్దాం."

నరసింగరావు సంచీలోంచి కన్నాలు పొడిచిన అట్ట తీశాడు. దాన్ని షీటు మీద పరిస్తే సరైన జవాబు ఉన్నచోటల్లా ఒక కన్నం ఉంటుంది. కన్నంలో నలుపు కనిపిస్తే మార్కు, తెలుపు కనిపిస్తే సున్నా. అందుకే నలభై రెండు షీట్లూ పావుగంటలో దిద్దేస్తాడు.

పరిచాడు. మొదటి వరస నలుపు. రెండో వరస నలుపు. చివరిదాకా ఒక్క తెల్ల కన్నం లేదు.

"కవరింకా విప్పలేదు కదండీ!" రాజకుమారి కవరు ఎత్తి చూపింది. "ఎవరిచ్చారే నీకు జవాబులు?"

"ఎవలూ ఇవ్వలేదండి. మొన్న శనివారం దిద్దినవే దిద్దాను."

"అది వేరే పేపరు కదే!"

"పేపరు వేరేనండి," అంది యమున.

త్రినాథ్ ఫ్యానుకేసి చూస్తున్నాడు. ఎవరూ నరసింగరావు కళ్లలోకి చూడలేదు.

ఆయన అట్టని తిప్పి చూశాడు. మూడేళ్ల కిందట ఆ యాభై కన్నాలూ పొడిచిన రోజు వేళ్లు బొబ్బలెక్కాయి. ఇంకో అట్ట చేసే ఓపిక ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ప్రతి పేపరులోనూ ఆప్షన్లనే ఈ కన్నాలకి తగ్గట్టు సర్దుతూ వచ్చాడు.

"నాకేం అర్థం కావట్లేదు," రాజకుమారి పెన్ను మూత తీసింది. "మూడున్నరవుతోంది, ఐదింటికి లిస్టు పంపాలి. ఈ పిల్ల పేరే రాసెయ్యమంటారా?"

యమున ఆయనకేసి చూసింది. ఒక్క 'ఊఁ' అంటే చాలు. సోమవారం ఆయన మామూలుగా క్లాసుకి వచ్చేయొచ్చు.

నరసింగరావు అట్టని రెండు ముక్కలు చేసి బల్ల మీద పెట్టాడు.

"నరసింగరావు అని రాయండి మేడమ్."