జవాబు వచ్చిందా?

"కబురు పోయిందా బిడ్డా?"

ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు. వారంలో ఇది నాలుగోసారి. చంకలో గోనెసంచి, చేతిలో మడతపెట్టిన అర్జీ.

నిరోష తల ఎత్తలేదు. ఏటి గేట్ల ఆఫీసులో ఆమె సి భాషలో రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం వారం కిందటే మొదలైంది. గేట్లు ఎత్తే ముందు ఇక్కడి కంప్యూటర్ సాకెట్ అనే నెట్‌వర్క్ దారి గుండా కింది ఊరి పంచాయతీ కంప్యూటర్‌కు సందేశం పంపుతుంది. అక్కడ సైరన్ మోగితే ఏట్లో గొర్రెలు మేపేవాళ్ళు ఒడ్డెక్కుతారు.

"పోయింది తాతా. ఇగో, పొద్దున పంపిన పరీక్ష కబురుకు 'పంపబడింది' అని పడ్డది."

"పోయింది సరే. అవతల ఇన్నరా?"

"పోతే ఇన్నట్టే."

"జవాబు రాకుంటే ఇన్నట్టు ఎట్లయితది బిడ్డా?"

నిరోషకు చిర్రెత్తింది. ఆయన మాట నిజమే కావడం ఇంకా మండించింది. 'పంపబడింది' అంటే సందేశం ఈ కంప్యూటర్ చేతిలో పడిందని మాత్రమే. అవతల అందిందో లేదో తెలియాలంటే అటునుంచి తిరుగు సందేశం రావాలి. ఆ పది లైన్లు వచ్చే వారం రాద్దాంలే అనుకుంది.

"అర్జీ ఆడ పెట్టిపో తాతా. జర నన్ను పని చేసుకోనీ."

ముసలాయన అర్జీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పింఛను గురించి అయ్యుంటుందని నిరోష దానిమీద టీ గ్లాసు పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం పైనుంచి వరద వచ్చింది.

నిరోష మీట నొక్కింది. 'పంపబడింది.' అది చూసి ఇంజనీరు గేట్లు ఎత్తించాడు.

కింది ఊరి దిక్కునుంచి సైరన్ వినబడలేదు.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ 'పంపబడింది.' పంచాయతీకి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

"సార్, గేట్లు దించండి సార్."

"దించినా పోయిన నీళ్ళు ఎనక్కొస్తయా అమ్మా?"

నిరోష బయటికి పరుగెత్తింది. వాచ్‌మన్ బండి వెనక కూర్చుని, దారి పొడవునా గొర్రెల కాపరులను తలుచుకుంటూ కింది ఊరికి చేరింది.

మనుషులు, గొర్రెలు అందరూ ఒడ్డు మీదే ఉన్నారు. ఆమెకు ఏడుపొచ్చింది.

"సైరన్ మోగిందా పెదనాయనా?" అని కాపరి కురుమయ్యను అడిగింది.

"యాడ మోగింది? పొద్దుటి సంది కరెంటే లేదు. డప్పు ఇని ఎక్కినం."

"డప్పు ఎవరు కొట్టిండ్రు?"

కురుమయ్య ఎర్రనీళ్ళ వైపు చూశాడు.

"మీ ఆఫీసుకొచ్చే తాతే. గట్టు మీదికెల్లి గేట్లు ఎత్తుడు చూసి డప్పు అందుకున్నడు. కబురు ఇన్నమని మేం ఈలేస్తేనే ఆయన ఎనక్కి పోతడు. ఇయ్యాల గాలికి నా ఈల ఇనబడలే. నేను పైదిక్కు ఒడ్డెక్కిన. ఇంకా ఏట్లనే ఉన్ననని ఆయన నా కోసం దిగిండు."

"ఇప్పుడు యాడున్నడు?"

"డప్పు దొరికింది. గోనెసంచి దొరికింది."



నిరోష ఆఫీసుకు తిరిగొచ్చేసరికి తెర మీద 'పంపబడింది' అనే ఉంది. టీ గ్లాసు తీసి, అర్జీ మడత విప్పింది.

"సార్లకు దండాలు. ఇరవై రెండేండ్లు మీ గేట్ల కబురు డప్పు కొట్టి చెప్పినోన్ని నేనే. మిషన్ వచ్చిందని నా పని తీసేసిండ్రు, దానికి బాధ లేదు గని, అవతలోళ్ళ జవాబు ఇననిదే ఎనక్కి రావద్దని దానికి గూడ నేర్పుండ్రి."