బయటివైపు గడియ

తలుపుకి గడియ బయటివైపు ఉంది.

ఆమె కంప్యూటర్ తెరమీద బొమ్మను ఇంకాస్త పెద్దది చేసింది. ఇరుకు గది, ఇనుప మంచం, సగం ఎత్తు వరకే ఆకుపచ్చ రంగు వేసిన గోడ.

"అక్కా, ఒకసారి ఇలా రా."

అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటే, ముఖం అలా పాలిపోయింది?"

"ఇది ఆ గదే. ఆయన నన్ను పెట్టి గడియ వేసిన గది."

"వాణ్ని ఇంకా ఆయన అంటావేంటే," అంటూ అక్క కుర్చీ లాక్కుంది. "ఇది ఉద్యోగం వాళ్లు పంపిన బొమ్మ కదా?"

అవును. గేమ్ స్టూడియో పెట్టిన ఆర్ట్ టెస్ట్ అది. వాళ్లు గీసి పంపిన కాన్సెప్ట్ ఆర్ట్ చూసి, అచ్చం అలాంటి గదినే కంప్యూటర్‌లో కట్టి చూపించాలి. రంగు మారినా, కొలత తప్పినా పక్కన పెట్టేస్తారు. బొమ్మలో కనపడని గోడను మాత్రం మీ ఊహకే వదిలేస్తున్నాం అన్నారు.

"ఇలాంటి గదులు సవాలక్ష ఉంటాయి," అంది అక్క.

"మంచం కోడు కింద ఇటుక ముక్క కూడా ఉందక్కా."

అక్క లేచి వెళ్లి వీధి తలుపు వేసి వచ్చింది.

"వాడికి నీ జాడ తెలిసిందంటావా?"

"లేకపోతే ఈ బొమ్మ నా దగ్గరికెలా వస్తుంది? నేనున్నన్నాళ్లూ ఆ గదిలోకి ఆయన ఇంకెవర్నీ రానివ్వలేదు."

"అయితే మానెయ్. ఇంకో చోట చూసుకుందువు."

"ఇల్లు మార్చాను, ఫోన్ నంబర్ మార్చాను. ఇక పని కూడా మానుకుంటే నాకేం మిగుల్తుంది?"

ఆమె గది కట్టడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో లేచి, తానున్న గది తలుపు తీసే ఉందో లేదో చూసుకుని వచ్చేది. కనపడని గోడ దగ్గరికి వచ్చాక ఊహించడానికి ఏమీ లేకపోయింది. మంచం తలవైపు, నేలకు జానెడు ఎత్తున, సున్నం మీద గోటితో గీసిన పువ్వు ఒకటి ఉండేది. చీకట్లో దాన్ని వేలితో తడుముతూ పడుకునేది. ఎవరో పిల్లలు గీసి ఉంటారనుకునేది. దాన్నీ ఉన్నది ఉన్నట్టు పెట్టి, పంపేసింది.

స్టూడియో నుంచి పిలుపు వచ్చింది. అక్క తోడు వెళ్లి కింద కూర్చుంది. "ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు చాలు, పైకొచ్చేస్తా," అంది.

పై అంతస్తులో ఆర్ట్ హెడ్ గది. నలభై దాటినావిడ, పొట్టి జుట్టు. ఆమె లోపలికి రాగానే తలుపు దానంతటదే మూసుకోబోయింది.

"తీసే ఉంచండి మేడమ్, ప్లీజ్."

ఆవిడ ఒక కుర్చీ జరిపి తలుపుకి అడ్డం పెట్టింది. తర్వాత తెరవైపు తిరిగింది.

"బొమ్మలో ఉన్నదంతా ఉన్నట్టే కట్టారు. వంక పెట్టడానికి లేదు. కానీ ఈ పువ్వు ఎందుకు పెట్టారు?"

"ఊహకే వదిలేశాం అన్నారు కదా."

"ఇది ఊహేనా?"

ఆమె చేతిలో ఫోన్ గట్టిగా పట్టుకుంది.

"ముందు మీరు చెప్పండి. ఈ బొమ్మ మీ చేత ఎవరు గీయించారు? అతను ఇక్కడే పనిచేస్తున్నాడా?"

"ఎవరు?"

"నా మొగుడు. ఆ గది ఆయన ఇంట్లోది. నన్ను అందులో పడేసి గడియ వేసేవాడు. ఆ పువ్వు నేను కాపురానికి వెళ్లేసరికే గోడ మీదుంది. ఎలాగో బయటపడి వచ్చాను. మళ్లీ తీసుకెళ్లడానికే ఇదంతా అయితే చెప్పేయండి."

ఆవిడ చెయ్యి మౌస్ మీంచి జారింది.

"నా చేత ఎవరూ గీయించలేదు," అంది. "అది నేను గుర్తుపెట్టుకుని గీసిన గది."

ఆమె ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ తలుపు దగ్గరి కుర్చీకి తగిలింది. "ఆయన మీకేమవుతాడు?"

"మీకంటే ముందు అతని భార్యని నేను."