కెంట్‌లో కడప భోజనం

"సంకటి ముద్దలు ఇంకా చిన్నగా చెయ్యి. వీళ్ళు మన మాదిరి తినరు," అంది స్రవంతి, వంటగదిలోకి తొంగిచూసి. "ఇంకోమాట. హాల్లోకి మాత్రం రావద్దు."

"ఎప్పుడైనా వచ్చినానా?" అంది రత్నకుమారి చేతులు తడి చేసుకుంటూ.

కెంట్‌లోని ఆ ద్రాక్షతోటకు శని, ఆదివారాల్లో లండన్ నుంచి కోచ్ బస్సులు వస్తాయి. తోటంతా తిరిగి, వైన్ రుచి చూసినవాళ్ళకు మధ్యాహ్నం కడప భోజనం. రాగిసంకటి, నాటుకోడి పులుసు, వేరుశనగ ఊరుబిండి పచ్చడి, పక్కన ఆ తోటదే చల్లటి తెల్లవైన్. రెండేళ్ళ కిందట స్రవంతి ఇది మొదలుపెట్టినప్పుడు సగం బల్లలు ఖాళీగా ఉండేవి. మెనూ వెనక తన తల్లి కథ అచ్చువేయించి, అది ఒక పత్రికలో కూడా పడ్డాక, నెల ముందు చెబితేగానీ చోటు దొరకడం లేదు.

ఆ కథ రత్నకుమారికి కంఠతా వచ్చు. తలుపు అవతల స్రవంతి ప్రతివారం చెప్పేదే. "మా అమ్మ ఆఖరి రోజుల్లో మంచం మీది నుంచే ఈ వంటలన్నీ నాతో రాయించింది." అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. గ్లాసులు పైకి లేస్తాయి. సరిగ్గా అప్పుడే రత్నకుమారి కుళాయి పూర్తిగా తిప్పేసి గిన్నెలు తోముకుంటుంది.

ఆ రోజు భోజనాలయ్యాక, లండన్‌లోని స్టాన్‌మోర్ నుంచి వచ్చిన విజయ అనే పెద్దావిడ వద్దన్నా వినకుండా వంటగదిలోకి వచ్చేసింది. వెనకే స్రవంతి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మాది ప్రొద్దుటూరమ్మా. ఇట్లాంటి పులుసు తిని ముప్పై ఏళ్ళయింది. ఎవరు నేర్పించినారు నీకు?"

"మా అమ్మ రాయించినవి చూసి నేనే నేర్పించినా ఆంటీ," అని స్రవంతి అందుకుంది. "ఈమె బాగా పట్టుకుంది."

"ఆ తల్లి పోయినా చేతిరుచి పోనీలేదు మీరు." విజయ రత్నకుమారి చెయ్యి అందుకుని, దాని మీది కాలిన మచ్చలు చూసింది. "ఈ వయసులో ఇంత చాకిరీ ఏందమ్మా? నీకు పిల్లలు లేరా?"

"కోచ్‌కు టైమైంది ఆంటీ," అంది స్రవంతి.

విజయ కదల్లేదు.

"ఒక కూతురు ఉన్నింది," అంది రత్నకుమారి. "పోయింది."

"అయ్యో. ఏం పేరు తల్లీ?"

"స్రవంతి," అంది రత్నకుమారి, గుమ్మంలో ఉన్న కూతురి కళ్ళలోకి చూస్తూ.