ఊపిరి బిళ్ళ

అందరి మెడలోకీ ఊపిరి బిళ్ళలొచ్చాక, ఊపిరిని బట్టే మనిషిని పసిగట్టే దోమలకు మనం వదిలే గాలి అందడం మానేసింది. గేదెలకేమో ఇంకా బిళ్ళలు రాలేదు. దాంతో దోమలన్నీ పోయి వాటి మీద పడ్డాయి. వేపాకు పొగకూ లొంగలేదు. కోటిలింగం గేదె ఆ కాట్లకు తాళలేక కాళ్లు ఝాడిస్తూ, కన్న దూడనే పాలకు రానివ్వడం లేదు. దూడ నీరసించిపోయింది.

సాయంత్రం అతను పాకలోకి వెళ్లేసరికి భార్య భూలక్ష్మి బిళ్ళ తీసేసి, గేదె పక్కన కూర్చుని ఒళ్లంతా చరుచుకుంటోంది.

"పిచ్చేమన్నా పట్టిందా?"

"సగం దోమలు నా మీదకొస్తే దానికి తెరిపి కదయ్యా. అదిగో, దూడ తాగుతోంది."

"నీ ఒక్కదాని ఊపిరి ఏ మూలకే?"

కోటిలింగం తన బిళ్ళ కూడా తీసి గుంజకు తగిలించాడు.

"కాస్త జరుగు."